గిల్లితే కారే పాలు

పనసకాయలు దిగే రోజుల్లో రాజమండ్రి కూరగాయల బజారుకి వెళ్తే పనసపొట్టు కొట్టేవాళ్ళు కనిపిస్తారు. కత్తికి నూనె పూసి, అరచేతులకి నూనె రాసుకున్నాకే కాయ మీద చెయ్యి వేస్తారు. తొక్క చెక్కడం మొదలుపెట్టగానే కాయ ఒళ్ళంతా తెల్లటి పాలు బొట్లుబొట్లుగా ఉబికి వస్తాయి. కాసేపటికి అవే సాగుతూ బంక అవుతాయి. ఆ బంక వేళ్ళకి పట్టిందంటే సబ్బుకీ నీళ్ళకీ వదలదు, మళ్ళీ నూనె రాసి రుద్దాల్సిందే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తినేవాళ్ళకి ఈ యాతన తెలియదు గానీ కొట్టేవాళ్ళకి బాగా తెలుసు.

నూనె దగ్గర ఓడిపోయే ఆ జిగురు నీళ్ళ దగ్గర ఎందుకు మొండికేస్తుంది? పనస పాలలో ఎక్కువ భాగం రెసిన్లు, కొద్దిగా రబ్బరు. ఇవి నీటితో కలవవు, నూనెతో కలుస్తాయి. కత్తికి ముందే నూనె పూస్తే బంకకీ ఇనుముకీ మధ్య పట్టు దొరకదు. రసాయనశాస్త్రం పేరెత్తకుండానే మన వంటిళ్ళు ఈ సూత్రాన్ని ఎన్నో తరాలుగా వాడుకుంటున్నాయి. ఒకప్పుడు ఇదే బంకని పుల్లలకి పూసి పిట్టల్ని పట్టేవాళ్ళు, పగుళ్ళిచ్చిన మట్టిపాత్రలకి అతుకు వేసేవాళ్ళు.

గోదావరి జిల్లాల్లో పాలు కారే మొక్కలకి కొదవ లేదు. కాలవగట్ల మీద జిల్లేడు, ఊరి బయట మర్రి, గుడి దగ్గర రావి, ఇళ్ళల్లో నందివర్ధనం, దేవగన్నేరు, పెరట్లో బొప్పాయి, సపోటా, మెట్టపొలాల కంచెల్లో జెముడు, నడిచే దారిలోనే కాళ్ళకింద పడి నలిగే రెడ్డివారి నానుబాలు. కడియం, కడియపులంక, వేమగిరి నర్సరీల్లో అలంకరణకి పెంచి దేశమంతా పంపే మొక్కల్లోనూ ఇలాంటివి బోలెడు. ముళ్ళమధ్య ఎర్రగా పూసే యుఫోర్బియా, ఆకులే పూలలా ఎరుపెక్కే పాయిన్‌సెట్టియా, మందపాటి ఆకుల రబ్బరు ప్లాంటు, ఏది గిల్లినా పాలే. ప్రపంచం మొత్తం మీద సుమారు 20 వేల జాతుల మొక్కల్లో ఈ గుణం ఉంది. అవి దాదాపు 40 కుటుంబాలకి చెందినవి, చాలావాటికి ఒకదానితో ఒకటికి దగ్గర చుట్టరికం లేదు. అంటే ఈ పాలు తయారుచేసే విద్యని మొక్కలు పరిణామంలో ఒక్కసారి కాదు, అనేకసార్లు, ఎవరికి వారే నేర్చుకున్నాయి. ఇంత ఖర్చుపెట్టి ఇన్నిసార్లు నేర్చుకున్నాయంటే ఆ విద్యతో ఏదో పెద్ద ప్రయోజనమే ఉండాలి.

ముందుగా ఒక అపోహ తీర్చాలి. ఈ పాలు మొక్క ఆహారం కాదు. వేళ్ళనుంచి నీరు మోసే నాళాలు వేరు, ఆకుల్లో తయారైన చక్కెర మోసే నాళాలు వేరు. పాలకి ప్రత్యేకంగా సన్నటి గొట్టాల్లాంటి కణాలుంటాయి. వాటిని లాటిసిఫర్లంటారు. ఆకు ఈనెల వెంట, కాండం పొడవునా, కాయ తొక్క కింద ఇవి వల అల్లుకుని ఉంటాయి. వాటిలో ద్రవం ఒత్తిడితో నిండి ఉంటుంది. ఎక్కడ చిన్న గాటు పడినా ఆ ఒత్తిడికే పాలు బయటికి తన్నుకొస్తాయి. తెల్లవారుజామున మొక్కలో నీరు నిండుగా ఉంటుంది కనుక ఒత్తిడీ ఎక్కువే. రబ్బరు చెట్టుకి గాటు పెట్టేవాళ్ళూ, పచ్చి బొప్పాయి నుంచి పాలు తీసేవాళ్ళూ ఎండెక్కకముందే పని ముగించుకునేది ఇందుకే. ఇక తెలుపు రంగు మాటకొస్తే, నీటిలో కరగని రబ్బరు, రెసిన్ రేణువులు అందులో తేలుతూ వెలుతుర్ని అన్ని దిక్కులకీ చెదరగొడతాయి. ఆవుపాలలో కొవ్వు రేణువులు చేసేదీ అదే. పోలిక అక్కడితో సరి. ఆవుపాలు బిడ్డ కోసం. మొక్క పాలు శత్రువు కోసం.

ఈ మాట ఊరికే అనడం లేదు. బొప్పాయి మీద 2004లో జపాన్ శాస్త్రవేత్త కోటారో కొన్నో బృందం ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ప్రయోగం అది, ఎందుకంటే అందులో ప్రధాన పరికరం మంచినీళ్ళు. బొప్పాయి ఆకుల్ని ఆముదపు పట్టుపురుగులకీ, మరో రెండు రకాల పురుగులకీ మేత వేశారు. ఆ రెండింటిలో ఒకటి మన పొగాకు రైతులకి చిరకాల శత్రువైన లద్దెపురుగు. బొప్పాయి ఆకు తిన్న పురుగులు ఎదగలేదు, చచ్చిపోయాయి. తర్వాత అవే ఆకుల్ని సన్నటి పీలికలుగా కోసి, పాలు పోయేదాకా నీళ్ళలో కడిగి పెట్టారు. ఈసారి పురుగులు హాయిగా తిని పెరిగాయి. ఇంకొన్ని ఆకుల్ని కడగకుండా, వాటి పాలలోని పాపెయిన్ వంటి ఎంజైముల్ని పనిచెయ్యనివ్వని మందు పూసి పెట్టారు. అప్పుడూ పురుగులకి ఏమీ కాలేదు. దోషి ఎవరో తేలిపోయింది. ప్రొటీన్లను తుంచే ఆ ఎంజైములు పురుగు ఒంటిమీదే దాడి చేస్తున్నాయన్నమాట.

ఈ ఆయుధాన్నే మనం కూరలో వేస్తున్నాం. ముదురు మాంసం ఉడకనని మొరాయిస్తే నాలుగు పచ్చి బొప్పాయి ముక్కలు వెయ్యమని మన పెద్దవాళ్ళు చెప్పే చిట్కాలో పనిచేసేది పాపెయినే. పురుగు పొట్టలో చేసే పనే మాంసపు పీచుల మీదా చేస్తుంది. 60, 70 డిగ్రీల వేడి దగ్గర అది మహా చురుగ్గా ఉంటుంది, బాగా మరిగితే చచ్చుబడుతుంది. కాబట్టి ముక్కల్ని పచ్చిమాంసానికి ముందే పట్టించి, సన్నని సెగ మీద మొదలుపెడితేనే ఫలితం. తెర్లుతున్న కూరలో వేస్తే బొప్పాయి ముక్క ఉడుకుతుంది తప్ప మాంసానికి ఒరిగేదేమీ లేదు. పండిన బొప్పాయి ఈ పనికి రాదు, పండేకొద్దీ కాయలో పాలు ఇంకిపోతాయి గనుక.

కడుపుతో ఉన్నవాళ్ళు బొప్పాయి తినకూడదన్న మాట కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. సింగపూర్ పరిశోధకులు 2002లో ఎలుకల మీద పరీక్షించి చూశారు. పండిన బొప్పాయి రసం తాగిన గర్భిణి ఎలుకలకి హాని జరగలేదు. పచ్చికాయ పాలు మాత్రం గర్భాశయ కండరాన్ని బలంగా ముడుచుకునేలా చేశాయి. మన అమ్మమ్మల భయంలో నిజం ఉంది, కాకపోతే ఆ నిజం పచ్చికాయకీ దోరకాయకీ చెందినది. ఎలుకల ఫలితాన్ని మనుషులకి యథాతథంగా అంటగట్టలేం. అయినా గర్భిణులు పచ్చి బొప్పాయి కూరకి దూరంగా ఉండటంలో పోయేదేమీ లేదు.

ఆయుధం ఉన్నచోట దాన్ని తప్పించుకునే ఉపాయమూ పుడుతుంది. పాలు కారే ఆకుని తినడానికి కొన్ని పురుగులు చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ముందు ఆకు తినవు. ఈనె మొదట్లో కొరికి, పాలు కారిపోనిచ్చి, ఆ గాటుకి అవతల, పాలు అందని చివరి భాగాన్ని నింపాదిగా మేస్తాయి. పంట బోదెకి పైన అడ్డుకట్ట వేసి దిగువ మడి ఎండగట్టినట్టే. అమెరికాలో డేవిడ్ డుసూర్డ్, థామస్ ఐస్నర్ 1987లో దీన్ని వివరంగా రాశారు. ఆ గాటు నిజంగా అందుకేనా అని తేల్చుకోవడానికి వాళ్ళే ఈనెలు కోసి చూశారు. మామూలుగా ఆ ఆకుల్ని ముట్టని పురుగులు సైతం అప్పుడు తినేశాయి. డుసూర్డ్ ఆ తర్వాత క్యాబేజీ లూపర్ అనే పురుగుని లెట్యూస్ మీద ఏళ్ళతరబడి పరిశీలించారు. అది ఆకుకి అడ్డంగా కందకం తవ్వినట్టు కొరికి, ఆపైన తింటుంది. కందకం తవ్వమని దానికి చెప్పేది లెట్యూస్ పాలలోని రసాయనాలే అని కూడా ఆయన చూపించారు.

లెట్యూస్ మన డెల్టా పంట కాదు. హోటళ్ళలో బర్గర్ల మధ్య, సూపర్ బజార్లలో ప్లాస్టిక్ సంచుల్లో కనిపించే ఆకు. చామంతి కుటుంబానిది. మన వేడికి త్వరగా పూతకాండం వేస్తుంది, కాండం లేచాక కోస్తే తెల్లటి పాలు కారతాయి, ఆకు చేదెక్కుతుంది. ప్రపంచంలో ఏ కూరాకు పాలకీ ఇంత చరిత్ర లేదేమో. ప్రాచీన ఈజిప్టులో దాన్ని సంతాన దేవుడు మిన్‌కి నైవేద్యం పెట్టారు. రోమన్ వైద్యుడు గాలెన్ ముసలితనంలో నిద్రపట్టక రాత్రిపూట లెట్యూస్ తినేవాడినని రాసుకున్నాడు. 18వ శతాబ్దం చివర ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ రెడ్‌మన్ కాక్స్ దాని పాలని గసగసాల పాలతో, అంటే నల్లమందుతో పోల్చి ప్రయోగాలు చేశాడు. ఎడింబరోలో ఆండ్రూ డంకన్ దానికి ప్రచారం కల్పించాడు. కాండం కోసి, కారిన పాలు గోధుమరంగులో గట్టిపడ్డాక గీకి తీసిన ఆ పదార్థాన్ని లాక్టుకేరియం అనీ, లెట్యూస్ నల్లమందు అనీ దగ్గుకీ నిద్రకీ 19వ శతాబ్దమంతా అమ్మారు.

తెలుగు నేల మీద దీని జాడ వెతకాలంటే హైదరాబాద్ యునానీ దుకాణాలకి వెళ్ళాలి. యునానీలో లెట్యూస్ పేరు కాహూ. కాహూ గింజల నూనె, రోగనే కాహూ, నిద్రలేమికీ తలనొప్పికీ తలకి మర్దనా చెయ్యడానికి ఇప్పటికీ అమ్ముతున్నారు. గాలెన్ వైద్యం అరబ్బు, పారశీక హకీముల చేతుల మీదుగా దక్కనుకి చేరింది గనుక ఆయన లెట్యూసూ చార్మినార్ దగ్గరికి వచ్చింది.

మరి లెట్యూస్ పాలలో నల్లమందు ఉందా? లేదు. మార్ఫిన్‌కీ దీనికీ సంబంధమే లేదు. చేదుకి కారణమైన లాక్టుసిన్, లాక్టుకోపిక్రిన్ అనే పదార్థాలున్నాయి. 2006లో పోలండ్ శాస్త్రవేత్తలు వాటిని శుద్ధిచేసి చిట్టెలుకలకి ఇచ్చినప్పుడు నొప్పి తగ్గించే గుణం, కొంత మత్తు గుణం కనిపించాయి. ఆ మోతాదు గిన్నెడు సలాడ్‌లో దొరికేది కాదు. తోటల్లో చేదు తగ్గేలా తరతరాలుగా ఎంచి పెంచిన లెట్యూస్‌లో మరీ తక్కువ. గాలెన్‌కి నిద్ర పట్టింది నిజమే కావచ్చు. దాన్ని నల్లమందుకి సాటి అనడం మాత్రం అమ్మకందారుల అత్యుత్సాహం.

సంప్రదాయ వాడకం అనగానే తల ఊపేయడమూ తప్పే, కొట్టిపారేయడమూ తప్పే. పరీక్షకి నిలిచినవాటిలో మన జెముడు పాల కథ నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది. భగందరానికి, అంటే మలద్వారం పక్కన గొట్టంలా పడే పుండుకి, ఆయుర్వేదంలో క్షారసూత్రం అనే చికిత్స ఉంది. నూలుదారానికి ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూటపూటగా పట్టించి ఆరబెడతారు. మొత్తం 21 పూతలు, అందులో మొదటి 11 జెముడు పాలే. ఆ దారాన్ని పుండు దారిగుండా పోనిచ్చి ముడివేస్తే అది వారం వారం కొద్దికొద్దిగా కోసుకుంటూ, వెనకాల మానుతూ పోతుంది. సుశ్రుతుడు చెప్పిన ఈ పద్ధతిని 1960ల్లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పి.జె. దేశ్‌పాండే బృందం తిరిగి ప్రాణం పోసి నిలబెట్టింది. భారత వైద్య పరిశోధనా మండలి అనేక ఆస్పత్రుల్లో రోగుల్ని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకి శస్త్రచికిత్స, రెండో జట్టుకి క్షారసూత్రం చేయించి 1991లో ఫలితాలు వెల్లడించింది. దారంతో మానడానికి సుమారు 8 వారాలు పట్టింది, కత్తితో 4 వారాలు. కానీ ఏడాది తిరిగేసరికి జబ్బు మళ్ళీ వచ్చినవాళ్ళు శస్త్రచికిత్స జట్టులో నూటికి 11 మంది, క్షారసూత్రం జట్టులో నలుగురే. ఆలస్యమూ ఉంది, లాభమూ ఉంది. రెండూ దాచకుండా చెప్పే ఇలాంటి లెక్కలే సంప్రదాయానికి అసలైన గౌరవం.

నానుబాల కథలో ఇంత తేట లేదు. పులిపిరికాయల మీద నానుబాల మొక్క పాలు రాయడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన వైద్యం. ఆస్ట్రేలియాలో ఇదే కుటుంబపు చిన్న మొక్క ఒకదాని పాలని చర్మం మీది మచ్చలకి రాసుకునే అలవాటుంది. అందులోంచి ఇంజెనాల్ మెబ్యుటేట్ అనే పదార్థాన్ని తీసి, ఎండదెబ్బకి చర్మంపై వచ్చే మచ్చలకి మందు చేశారు. 2012లో అమెరికా అనుమతించింది. పెరటి చిట్కా ఫార్మసీ దాకా వెళ్ళిందని అందరూ సంతోషించారు. 2020లో ఐరోపా దాన్ని మార్కెట్లోంచి తీసేయించింది, రాసినచోట చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతోందేమోనన్న అనుమానంతో. పులిపిరి ఒకటి రాలినంత మాత్రాన ఆ పాలు మంచివని అనుకోకూడదని నేను అనేది అందుకే. ముఖం మీద, కళ్ళ చుట్టుపక్కల అసలు రాయకూడదు.

పాలు కారే చెట్లని మన ప్రాంతంలో తొలినాళ్ళలోనే శాస్త్రీయంగా పరిశీలించినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకుంటూ ఇక్కడి మొక్కల్ని వర్ణించాడు, స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. సర్కారు కొండల దిగువ అడవుల్లో పెరిగే అంకుడు చెట్టు, తెడ్లపాల అన్నా అదే, ఆయన దృష్టిని ఆకర్షించింది. గిల్లితే పాలు కారే ఆ చెట్టు ఆకుల్ని వేడినీళ్ళతో నానబెట్టి నీలిమందు తీయవచ్చని ప్రయోగాలు చేసి చూపించాడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆ అంకుడు కర్రతోనే చేస్తారు. కలకత్తా వెళ్ళాక, 1810లో, సిల్హెట్ కొండల నుంచి ఆయనకి తేనె నిండిన బుట్ట ఒకటి వచ్చింది. తేనె కారకుండా బుట్ట లోపల ఏదో చెట్టు పాలు పూసి ఉన్నాయి. ఆరా తీస్తే అది ఒక రకం మర్రిజాతి చెట్టు. దానికి ఆయన ఫైకస్ ఎలాస్టికా అని పేరుపెట్టాడు. కడియంలో కుండీల్లో అమ్మే రబ్బరు ప్లాంటు అదే.

నేడు రబ్బరంటే బ్రెజిల్ నుంచి వచ్చిన హీవియా చెట్టు. రంపచోడవరం దాటి మారేడుమిల్లి వైపు వెళ్తే ఏజెన్సీలో ఆ తోటలు కనిపిస్తాయి. బెరడుకి ఏటవాలుగా గాటుపెట్టి కింద చిప్ప కడతారు. కాసేపు కారాక పాలు వాటంతట అవే గడ్డకట్టి గాయాన్ని మూసేస్తాయి. పురుగు నోరు కట్టెయ్యడానికి, గాయంలో బూజు చేరకుండా ఆపడానికి చెట్టు ఏర్పాటు చేసుకున్న ఆ గడ్డకట్టే గుణమే మనకి టైరైంది, చేతి తొడుగైంది. రబ్బరు తొడుగులు పడనివాళ్ళలో కొందరికి అరటిపండు, బొప్పాయి కూడా పడవు. రబ్బరు పాల ప్రొటీన్లకీ ఆ పండ్లలోని ప్రొటీన్లకీ పోలికలుండటమే కారణం. గడ్డకట్టే గుణం వల్ల మనిషికి పనికొచ్చినవాటిలో సపోటా పాలూ ఉన్నాయి. మెక్సికో అడవుల్లో సపోటా చెట్లకి గాట్లు పెట్టి తీసిన పాలే తొలినాటి చూయింగ్ గమ్. పచ్చి సపోటా కొరికితే పళ్ళకి అంటుకుని వదలని బంక అదే.

ఇక జిల్లేడు. దీన్ని చివరికి ఉంచింది మిగతావాటికంటే దీనితోనే మనకి చనువెక్కువ గనుక. రథసప్తమికి తలమీద ఆకులు పెట్టుకుని స్నానం చేస్తాం, వినాయక చవితి 21 పత్రుల్లో అర్కపత్రం అదే. కాల్లో ముల్లు విరిగితే జిల్లేడు పాలు వేస్తారు. వాపుల మీద ఆముదం రాసిన ఆకు వేడిచేసి కడతారు. ముల్లు వైద్యంలో కొంత అర్థం ఉంది. జిల్లేడు పాలలోనూ ప్రొటీన్లను తుంచే ఎంజైములున్నాయి, అవి పైచర్మాన్ని మెత్తబరచగలవు. తేలు కుడితే జిల్లేడు పాలు రాయడం మాత్రం మానుకోవాలి. ఎర్రతేలు విషం గుండెకి చేసే హానిని ప్రజోసిన్ అనే చవక మాత్ర ఆపుతుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బవస్కర్ 1980ల్లోనే చూపించారు. పాలు రాసుకుంటూ పోగొట్టుకునే గంటే అక్కడ ప్రాణం.

జిల్లేడు పాలలో అసలు విషం కార్డినోలైడ్లు. మన కణాల్లో సోడియంని బయటికీ పొటాషియంని లోపలికీ తోడే పంపులుంటాయి. కార్డినోలైడ్ వెళ్ళి ఆ పంపుని పట్టి ఆపేస్తుంది. పశువులు జిల్లేడు జోలికి పోకపోవడానికి కారణం ఇదే. పోయేది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళి. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, ఒంటిమీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటి తీగలతో జిల్లేడు ఆకుల మీద తేలిగ్గా కనిపిస్తుంది. ఆ విషాన్ని ఒంట్లోనే దాచుకుని, రెక్కలొచ్చాక కూడా పిట్టలకి చేదుగా మిగులుతుంది. విషం లేని వేరే జాతి సీతాకోకచిలుక ఒకటి, డనెయిడ్ ఎగ్‌ఫ్లై, దాని ఆడవి అచ్చం ప్లెయిన్ టైగర్ రంగులే వేసుకుని పిట్టల్ని మోసం చేస్తాయి. ఒక కాలవగట్టు జిల్లేడు పొద దగ్గర పావుగంట నిలబడితే ఈ నాటకమంతా చూడవచ్చు.

మనకి ఆ గొంగళికున్న రక్షణ లేదు, ముఖ్యంగా కంట్లో. నల్లగుడ్డు మీది పారదర్శక పొర, కార్నియా, తేటగా ఉండాలంటే దాని లోపలి కణాలు నిరంతరం నీటిని తోడిపోస్తూ ఉండాలి. ఆ పని చేసేవి ఈ పంపులే. జిల్లేడు పాలు కంట్లో పడినవాళ్ళ గురించి మన దేశపు కంటి వైద్యులు రాసిన నివేదికల్లో ఒక విచిత్రం మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. చూపు ఉన్నట్టుండి మసకబారుతుంది, నొప్పి మాత్రం పెద్దగా ఉండదు. కార్నియా ఉబ్బి మబ్బు పడుతుంది. నొప్పి లేదు గదా అని జనం ఊరుకుంటారు, అసలు ప్రమాదం అక్కడే. సకాలంలో చికిత్స అందితే చాలామందికి చూపు తిరిగొస్తుంది, కానీ లోపలి పొరలో చచ్చిపోయిన కణాలు తిరిగి పుట్టవు.

చవితి ముందురోజు పత్రికి వెళ్ళే పిల్లలకి జిల్లేడు ఆకు కోసే పని అప్పజెప్పకండి. పెద్దవాళ్ళే కోసి, తొడిమల్ని కాసేపు నీళ్ళలో ముంచి, పాలు కారడం ఆగాక బుట్టలో వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కళ్ళు తుడుచుకోవాలి. పొరపాటున కంట్లో పడితే వెంటనే రెప్పలు తెరిచిపట్టి కనీసం పావుగంట మంచినీళ్ళు ధారగా పోస్తూ కడగాలి. తల్లిపాలు, ఆముదం, తేనె వంటివేవీ వెయ్యకూడదు. నొప్పి ఉన్నా లేకపోయినా అదేరోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, పడింది జిల్లేడు పాలని పేరు చెప్పాలి.